గడ్డం ఆనించి వినే కాయిలమ్మ

గిటారు తెచ్చినవాళ్ళు కుర్చీలో సర్దుకునేలోపే కాయిలమ్మ దాన్ని సంచీలోంచి బయటికి తీసేది. తీగలన్నీ వదులు చేసేది. మెడ పక్కన కొమ్ములా పొడుచుకొచ్చిన చెక్క అంచుకి తన గడ్డం ఆనించి, కళ్ళు మూసుకుని, గిటారు వీపు మీద వేలి కణుపుతో మూడుసార్లు కొట్టేది. కొత్తవాళ్ళు ఆవిడకేదో అయిందని బెదిరిపోయి లేచి నిలబడేవారు. పాతవాళ్ళు వాళ్ళ మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, కాసేపు మాట్లాడొద్దని, ఆవిడ వింటోందని గుసగుసగా చెప్పేవారు.

ఆవిడ అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు. కాయిళ్ళు చుడుతుంది కాబట్టి కాయిలమ్మ. ఆ పేరు పెట్టినవాడు మరిది. ఆవిడ ఇరవయ్యో ఏట ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి వాడికి పన్నెండేళ్ళు. మామగారిది మోటార్ల వైండింగు షాపు. కాలిపోయిన ఫ్యాన్లూ పంపులూ వచ్చేవి, మామగారూ కొత్త కోడలూ ఎదురెదురుగా కూర్చుని రాగి తీగ చుట్టేవారు. అలా పద్నాలుగేళ్ళు చుట్టాక ఒక రోజు ఎవరో గుప్పెట్లో పట్టేంత నల్లటి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, ఫ్యాను బాగుచేసేవాళ్ళకి ఇది ఒక లెక్కా అన్నారు. లెక్కేనని తేలింది. వెంట్రుక కన్నా సన్నటి తీగ. ఊపిరి గట్టిగా వదిలితే తెగేది. మొదటి కాయిల్ పూర్తికావడానికి పదకొండు రోజులు పట్టింది, నలభైసార్లు తెగింది. పన్నెండో రోజు అది గిటారులో కూర్చుని మోగగానే, ఇక ఫ్యాన్ల మొహం చూడనని ఆవిడ మామగారి ముందే చెప్పేసింది.

ఆ నల్ల డబ్బానే పికప్ అంటారు. ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద ఉంటుంది. లోపల అయస్కాంతాలు, వాటి చుట్టూ ఏడెనిమిది వేల చుట్ల రాగి. పైన తీగ కదిలితే ఆ కదలిక కాయిల్లో కరెంటై, వైరు వెంట ఆంప్లిఫయర్‌లోకి పోయి, అక్కడ పాటై బయటికొస్తుంది. చుట్లు పెరిగితే గొంతు నిండుగా, కాస్త బొంగురుగా ఉంటుంది. తగ్గితే గాజు గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టుంటుంది. పాతది పోయిన గిటారుకి కొత్త పికప్ చుట్టేముందు, ఏ చెక్కకి ఎన్ని చుట్లు వెయ్యాలో తేల్చుకోవడమే కాయిలమ్మ విద్య.

చెక్కల్ని ఆవిడ మనుషుల్లాగే చూసేది. మహోగని అన్నీ కడుపులో దాచుకునే మనిషి, ఎంత మాట్లాడినా లోపల ఇంకేదో మిగిలే ఉంటుంది, దానికి చుట్లు కొద్దిగా తగ్గించి కాస్త నోరున్న కాయిల్ వెయ్యాలి. యాష్ ఉన్నదున్నట్టు మొహం మీద అనేసే రకం, చుట్లు పెంచి దాని మాట మెత్తబరచాలి. బాస్‌వుడ్ ఎవరేమన్నా సరేనండీ అంటుంది, దానికి ఏ కాయిల్ వేస్తే అదే అయిపోతుంది కాబట్టి దాని దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఇవన్నీ ఒక పొడుగాటి నోట్‌బుక్కులో రాసుకునేది. చెక్క, అయస్కాంతం, చుట్లు, చివరి గడిలో ఒక్క ముక్క. "కడుపు నిండింది" అని ఒకచోట. "కొంచెం కయ్యాలమారి, బాగుంది" అని ఇంకోచోట.

విచిత్రమేమిటంటే, ఈ చెక్కల గోలంతా వట్టి భ్రమ అనేవాడు ఆ చెక్కలు కోసే మనిషే. మరిది వడ్రంగి. గదికి ఆ చివర వాడి బల్ల, ఈ చివర ఆవిడ బల్ల, మధ్యలో హ్యాంగర్లకి చొక్కాల్లా వేలాడే గిటారు చెక్కలు. ఇరవయ్యేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్యా ఒకటే తగువు.

"చెక్కది ఏముంది వదినా? అయస్కాంతం వినేది తీగ మాట. చెక్కంటావా, తీగలు కింద పడిపోకుండా పట్టుకునే బల్ల. అంతే."

"కన్నవాడివి నువ్వే పిల్లని ఇలా తీసిపారేస్తే ఇక దాన్ని చేసుకునేదెవర్రా?"

ఇంతకు మించి ఆ తగువు ముందుకీ పోయేది కాదు, వెనక్కీ పోయేది కాదు. ఇద్దరికీ తీరిక దొరికినప్పుడల్లా మొదటి నుంచి మొదలుపెట్టేవారు.

ఆ గదిలోకి అడుగుపెట్టగానే ముందు తగిలేది మైనం వాసన. చుట్టిన కాయిల్‌ని కరిగిన మైనంలో ముంచి తీయాలి. లేకపోతే చుట్ల మధ్య సందుల్లో తీగ వదులుగా ఆడి, గట్టిగా వాయించినప్పుడు కీచుమంటుంది. మైనం ఆ సందుల్లోకి దూరి దాని నోరు నొక్కేస్తుంది. కిటికీ పక్కన చిన్న కరెంటు పొయ్యి మీద ఆ గిన్నె రోజంతా గోరువెచ్చగా ఉండేది. కథ ఆ గిన్నె దగ్గరే మొదలైంది. కాకపోతే ఆ సంగతి మూడు నెలల దాకా ఎవరికీ తెలీదు.

మరిది ఆ ఏడు చెక్క తొలిచే కొత్త మెషీను కొన్నాడు. పాతదానికన్నా రెండింతలు వేగం, నాలుగింతలు అరుపు. అది మొదలైతే కిటికీ అద్దాలు కూడా వణికేవి. కాయిలమ్మకి ఎడమ చెవి చిన్నప్పుడే జబ్బుచేసి దాదాపు పోయింది, ఉన్నది కుడి చెవి ఒక్కటే. దాన్ని కాపాడుకోవాలని దూది పెట్టుకుంది. దూదిని ఆ మెషీను లెక్కచెయ్యలేదు. అప్పుడు ఆవిడ చూపు గిన్నె మీద పడింది. దూదిని మైనంలో ముంచి, వేళ్ళ మధ్య ఉండలు చేసి, రెండు చెవుల్లోనూ కూరుకుంది. ఎవరో తలుపేసినట్టు అరుపు ఆగిపోయింది. ఆ రోజు నుంచి మెషీను మొదలైతే ఉండలు లోపలికి, ఆగితే బయటికి. పొద్దున ఒక జత, మధ్యాహ్నం ఒక జత. తన తెలివికి తనే మురిసిపోయి, ఆ చిట్కా వీధిలో ఇద్దరు ముగ్గురికి చెప్పింది కూడా.

నెల తిరిగేసరికి చెక్కలు మారిపోయాయి. గడ్డం ఆనించి కొడితే ప్రతి చెక్కా లోపల గుమ్మటంలా మోగుతోంది. ఇంత బాగా మోగే చెక్కలు తన జన్మలో చూడలేదని ఆవిడ మరిదితో అంటే, చెక్కది ఏముంది వదినా అన్నాడు. అదే గిటారుకి పికప్ బిగించి ఆంప్లిఫయర్‌లో పెడితే మాత్రం దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుండేది. నిండు ఎక్కువైందనుకుని చుట్లు తగ్గించింది. ఇంకా మొద్దుగానే ఉంటే ఇంకొన్ని తగ్గించింది.

మూడో నెలలో సెలూన్ నడిపే ఆయన తన గిటారు వెనక్కి తెచ్చాడు. ఆయన చేతిలో కత్తెర ఎంత మెత్తగా ఆడుతుందో మాట అంతకన్నా మెత్తగా ఉంటుంది. చాలాసేపు అవీ ఇవీ మాట్లాడి, మంచినీళ్ళు తాగి, లేచి వెళ్ళబోతూ, ఆ పికప్ కాస్త చెవుల్లో గుచ్చుకుంటున్నట్టుందని, అదీ తనకి కాదు, షాపులోకి వచ్చేవాళ్ళు అంటున్నారని చెప్పాడు. కాయిలమ్మ తన కుడి చెవి ఆంప్లిఫయర్ వైపు పెట్టి విన్నది. గుచ్చుకోవడమా, ఇంకా కొంచెం మొద్దుగానే ఉంది. ఆయన చెవి సంగతేమిటో కనుక్కోవాలని ఆవిడ అంటే మరిది నవ్వాడు గానీ, ఆ నవ్వు పూర్తిగా రాలేదు. నాలుగు రోజులు తిరక్కుండా ఇంకో గిటారు వెనక్కొచ్చింది. ఇరవయ్యేళ్ళలో ఒక్కటీ రాలేదు. వారంలో రెండు వచ్చాయి.

ఆ సాయంత్రం మరిది వెళ్ళిపోయాక ఆవిడ తన చేతి గడియారం విప్పి కుడి చెవికి ఆనించకుండా దగ్గరగా పట్టుకుంది. ముల్లు తిరుగుతోంది. చప్పుడు లేదు. నాణెం తీసి గచ్చు మీద వేసింది. అది దొర్లి బల్ల కిందికి పోయింది గానీ, ఎక్కడో పక్కింట్లో పడినట్టుంది. అమ్మకి సరిగ్గా యాభై అయిదో ఏట చెవులు పోయాయి. తనకిప్పుడు యాభై నాలుగు.

భర్తకి చెప్పలేదు. ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతారు. రోజంతా అక్షరాలతో మాట్లాడి మాట్లాడి మనుషులతో మాట్లాడే గొంతు ఎప్పుడో అరిగిపోయింది, ఏం చెప్పినా సగం మాట నోట్లోనే ఉండిపోతుంది. ఈమధ్య మరీ గొణుగుతున్నారని ఆవిడ విసుక్కుంటోంది కూడా. మరిదికీ చెప్పలేదు. వాడికి చెబితే ఇరవయ్యేళ్ళ తగువులో తను ఓడిపోయినట్టే అవుతుంది. చెక్క మాట వింటానన్న మనిషికి మనుషుల మాటే వినపడటంలేదంటే వాడు ఊరుకుంటాడా?

సరిగ్గా ఆ రోజుల్లోనే బస్సు డ్రైవరమ్మ వచ్చింది. ఆరడుగుల మనిషి. గిటారుని చంకలో పసిపిల్లలా ఎత్తుకుని వచ్చింది. డిపోలో నలుగురు కలిసి బ్యాండు పెట్టారు: ఇద్దరు డ్రైవర్లు, ఒక మెకానిక్, టికెట్ల లెక్క చూసే ఆవిడ. రెండేళ్ళుగా షెడ్డులో బస్సుల మధ్యే వాయించుకుంటున్నారు. డిపో పెట్టి యాభై ఏళ్ళవుతున్న సందర్భంగా ఆ నెలాఖరు ఆదివారం మొదటిసారి అందరి ముందూ వాయించాలి. సరిగ్గా ఇప్పుడు పికప్ చచ్చిపోయింది.

"చెక్క మహోగని అక్కా. అమ్మినాయన ఒట్టేసి చెప్పాడు. నాకు పెద్దగా తెలీదు గానీ, నా బస్సు మూడో గేరులో ఉంటుంది చూడు, ఆ గొంతు కావాలి."

గిటారు మీద నల్ల రంగు అట్టకట్టినట్టుంది, లోపలి చెక్క ఎక్కడా కనపడటంలేదు. కాయిలమ్మ గడ్డం ఆనించి మూడుసార్లు కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఇది మహోగని కాదని చెప్పింది. తేలిక చెక్క, బాగా ఎండింది, మనసులో ఏదీ దాచుకోలేదు, పైన్ అయ్యుండాలి. మరిది ఒప్పుకోలేదు. పందెం వేసి, పికప్ విప్పి, ఆ గుంటలో రంగు తగలని మూల చూసి ఉలితో గోరంత గీకాడు. లేత పసుపు చెక్క, పక్కనే చిన్న ముడి. పైనే. డ్రైవరమ్మ అమ్మినాయన్ని నాలుగు మాటలు అనుకుని, వెంటనే, పైనైనా సరే మూడో గేరు గొంతు మాత్రం రావాలని చెప్పి వెళ్ళిపోయింది.

గడ్డం నిజం చెబుతోంది. మరి చెవి ఎందుకు చెప్పటంలేదు?

ఎనిమిది వేల చుట్లు వేసింది. మొద్దుగా ఉంది. నాలుగొందలు విప్పింది. మొద్దుగానే ఉంది. ఏడువేలకి దిగింది, ఆరువేల ఎనిమిదొందలకి దిగింది. పైన్ చెక్కకి ఇంత తక్కువ ఎప్పుడైనా వేశానా అని నోట్‌బుక్ తీసింది. పైన్ కోసం వెతుకుతుంటే చూపు మహోగని వరస మీద పడింది. ఒకే చెక్క, ఒకే అయస్కాంతం, మూడు నెలల్లో నాలుగు గిటార్లు. ఏడువేల తొమ్మిదొందలు. ఏడువేల ఆరొందలు. ఏడువేల రెండొందలు. ఆరువేల ఏడొందలు. అన్నీ తన చేతిరాతే. చివరి గడిలో నాలుగుసార్లూ ఒకే మాట ఉంది: "ఇంకొంచెం తగ్గించాలేమో."

చెక్కలన్నీ ఒక్కసారిగా ఎలా మారతాయి? మారింది తను.

ఆవిడ నోట్‌బుక్ మూసి, టంకం వేసే కడ్డీ ప్లగ్గు పీకేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ గదిలో ఆ చేతులు ఊరికే ఉండగా మరిది ఎప్పుడూ చూడలేదు. మెషీను ఆపి దగ్గరికొచ్చాడు.

"డ్రైవరమ్మకి ఫోన్ చెయ్యి. ఇంకెవరి దగ్గరికైనా తీసుకెళ్ళమను."

"ఎందుకు?"

"నా చెవి పోయిందిరా."

వాడు ఏదో జోకు వెయ్యబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. ఆవిడ నోట్‌బుక్ తెరిచి ఆ నాలుగు అంకెలూ చూపించింది. గడియారం సంగతి చెప్పింది, నాణెం సంగతి చెప్పింది, అమ్మ సంగతి చెప్పింది. సెలూన్ ఆయన చెప్పింది నిజమేనంది. అప్పుడు మరిది కూడా తలొంచుకుని ఒప్పుకున్నాడు: రెండు నెలలుగా తనకీ గుచ్చుకుంటూనే ఉందట, వదిన చుట్టింది కదా, తన చెవే బాగోలేదేమో అనుకున్నాడట.

"మరి ఈ పైన్‌ని ఎలా పట్టావు? నేను చెక్కలు కోసేవాణ్ణి, నాకే తెలీలేదు."

"అది గడ్డం. గడ్డం బాగానే ఉంది."

మరిది ఒక్క నిమిషం ఆ గడ్డం వైపే చూశాడు. తర్వాత ఆంప్లిఫయర్‌ని నేల మీంచి ఎత్తి బల్ల మీద పెట్టాడు. అది చెక్క పెట్టె. డ్రైవరమ్మ గిటారుకి వైరు తగిలించి మెడలో వేసుకున్నాడు.

"ఆనించు."

"దేన్ని?"

"నీ గడ్డాన్ని. పెట్టె మీద. చెవి పోతే పోనియ్, ఇన్నాళ్ళూ నువ్వు దాంతో విన్నదెంత గనక?"

ఆవిడ వంగి, ఆంప్లిఫయర్ పై అంచుకి గడ్డం ఆనించింది. మరిదికి వచ్చింది రెండే స్వరాలు. ఆ రెండూ వాయించాడు. కాయిలమ్మ నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతింది.

"ఓరి దీని మొహం మండా. ఇంత కీచుగా ఉందా?"

"ఉంది."

"దీన్నా నేను జనానికి అంటగట్టింది?"

"అంటగట్టావు."

మళ్ళీ ఆనించింది. మళ్ళీ గెంతింది. మూడోసారి ఆనించేటప్పటికే నవ్వు మొదలైంది, గడ్డం పెట్టె మీద నిలవలేదు. మూడు నెలలుగా దుప్పటి కప్పుకున్నవన్నీ ఒక్కసారి దుప్పటి తీసేసి మొహాన నిలబడ్డాయి. అవి ఎంత అసహ్యంగా ఉన్నా ఆవిడకి అపురూపంగానే ఉన్నాయి. ఆ మధ్యాహ్నం అన్నం మాట మరిచిపోయి ఆవిడ మొదటి నుంచి చుట్టింది. ప్రతి రెండొందల చుట్లకీ ఆగడం, బిగించడం, మరిది ఆ రెండు స్వరాలు వాయించడం, ఆవిడ గడ్డంతో వినడం. అద్దాల తలుపు బయట నిలబడి చూసినవాళ్ళకి అదొక వింత: ఒకావిడ పెట్టెకి మొహం అతికించుకుని కూర్చుని ఉంది, ఒకాయన వచ్చిన రెండు స్వరాలే వంద సార్లు వాయిస్తున్నాడు. ఎనిమిదివేల వంద దగ్గర ఆవిడ చెయ్యెత్తి ఆపమంది. "మూడో గేరు" అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్తకి అంతా చెప్పింది. చెవి పోయిందనీ, ఫర్వాలేదనీ, ఇకనుంచి గడ్డంతోనే బతికేస్తాననీ. ఆయన తింటూ ఏదో అన్నారు. ఆవిడకి వినపడలేదు. మళ్ళీ అన్నారు. మరిదికీ వినపడలేదు. మూడోసారి కూడా అదే అయ్యేసరికి ఆయన ఎడమ చేత్తో జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, పక్కనున్న కాగితం మీద, ప్రూఫు దిద్దినంత శుభ్రంగా రాసి ఇటు తిప్పారు.

"ఎముకలోంచి వినపడితే లోపల నరం బాగున్నట్టు. దారిలో ఏదో అడ్డం పడింది. పోయిన ఏడు వైద్య పుస్తకం దిద్దాను, నాలుగో అధ్యాయం."

మర్నాడు పొద్దున్నే చెవి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ దీపం వేసి కుడి చెవిలోకి చూసి, మీరేమైనా పెట్టుకుంటారా అని అడిగింది. దూది అని చెప్పింది కాయిలమ్మ. దూది ఇంత గట్టిగా ఉండదే అంటూ సన్నటి పట్టకారుతో నెమ్మదిగా లాగింది. తెల్ల పళ్ళెంలో బఠాణీ గింజంత గోధుమరంగు ఉండ పడింది. పడిన చప్పుడు కాయిలమ్మకి వినపడింది. పళ్ళెం మోగడం, డాక్టరమ్మ చెప్పులు గచ్చు మీద రాసుకోవడం, కిటికీ బయట ఎవరో కాగితం మడవడం, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. కాయిలమ్మ ఆ ఉండని తీసుకుని వాసన చూసింది. వాసన చూడగానే అర్థమైంది. ఎప్పుడో ఉండ బయటికి లాగేటప్పుడు సగం తెగి లోపలే ఉండిపోయింది. ఆ తర్వాత రోజూ రెండు జతల కొత్త ఉండలు దాన్ని ఇంకా ఇంకా లోపలికి నెట్టాయి. కాయిల్ నోరు నొక్కే మైనంతో తన చెవి నోరు తనే నొక్కుకుంది. అది మూసుకుపోబట్టే గడ్డం ఆనించినప్పుడు చెక్కలన్నీ గుమ్మటాల్లా మోగాయని డాక్టరమ్మ చెప్పింది. ఇదేమిటని ఆవిడ అడిగితే కాయిలమ్మ ఎలా చెప్పాలో తెలీక, మా పనిలో వాడతామండీ అని ఊరుకుంది.

ఇంటికి వస్తుంటే దారిలో భర్త మాట్లాడుతున్నారు. ఒక్కొక్క ముక్కా వినపడుతోంది.

"ఏమండీ, ఇన్నాళ్ళూ మీరు గొణుగుతున్నారనుకున్నాను."

"గొణుగుతూనే ఉన్నానోయ్. ఇప్పుడు కూడా."

ఆవిడ వీధిలో నిలబడిపోయి నవ్వింది. చెవి ఎంత తేటపడిందో ఆవిడకి అప్పుడు తెలిసింది.

అయినా ఒక భయం మిగిలింది. డ్రైవరమ్మ పికప్‌ని చుట్టింది గడ్డం. చెవికి అది ఎలా వినపడుతుందో తెలీదు. అది తేడాగా ఉంటే, ఇరవయ్యేళ్ళుగా గడ్డం ఆనించి చెక్కల గురించి తను చెప్పినదంతా మరిది అన్నట్టు వట్టి భ్రమే. గదిలోకి రాగానే మరిది గిటారు తీయబోతే ఆవిడ ఆపింది. ఇక్కడ వద్దు, ఆదివారం డిపోలో విందాం అంది. చుట్టినదాన్ని చుట్టినట్టే మైనంలో ముంచి పంపేసింది. ముంచుతున్నప్పుడు ఆ గిన్నెని ఒకసారి గుర్రుగా చూసింది. ఆ వారంలో సెలూన్ ఆయనకీ, రెండో ఆయనకీ పాత లెక్కల ప్రకారం కొత్త పికప్‌లు చుట్టింది గానీ, మనసంతా ఆదివారం మీదే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం డిపో షెడ్డులో బస్సుల్ని ఒక పక్కకి తోసి, చెక్క బల్లలు జతచేసి వేదిక కట్టారు. యూనిఫాంలు ఇస్త్రీ చేసుకుని వచ్చినవాళ్ళు కొందరు, పిల్లల్ని భుజాల మీదెక్కించుకున్నవాళ్ళు కొందరు. కాయిలమ్మ వెనక వరసలో, ఒక బస్సు మెట్టు మీద కూర్చుంది. పక్కన భర్త, ఇటు మరిది. డ్రైవరమ్మ వేదిక ఎక్కి, నల్ల గిటారు మెడలో వేసుకుని, స్టీరింగు ముందు కూర్చునేటప్పుడు లాగే ఒకసారి భుజాలు సర్దుకుంది.

మొదటి దెబ్బకి షెడ్డు రేకులు మోగాయి. కాయిలమ్మ కుడి చెవి అటు తిప్పి పట్టుకుంది. కింద నిండుగా, పైన తేటగా. గుచ్చుకోవడంలేదు, దుప్పటీ లేదు. ఎత్తు ఎక్కే బస్సు మూడో గేరులో పడి, ఇక ఫర్వాలేదని చెప్పే గొంతు. ఆవిడ నమ్మలేదు. లేచి, జనాన్ని తప్పించుకుంటూ ముందుకి పోయింది. మరిది వెనక నుంచి పిలుస్తున్నాడు. వేదిక దగ్గరికి పోయి, అందరూ చూస్తుండగానే వంగి, ఆ చెక్క బల్లల అంచుకి గడ్డం ఆనించింది. డ్రైవరమ్మ పైనుంచి చూసి, నవ్వాపుకోలేక ఒక స్వరం తప్పి, మళ్ళీ అందుకుంది.

మరిది చేరుకుని భుజం పట్టి లేపాడు.

"వదినా, జనం చూస్తున్నారు."

"చెవీ గడ్డం ఒకటే మాట చెబుతున్నాయిరా."

"చెప్పనీ. ఇంతకీ చెక్కది ఏముంది అందులో?"

ఆవిడ వాడి నెత్తి మీద ఒక్కటి వేసింది. వాడు అందుకోసమే వంగినట్టున్నాడు. తర్వాత పాటకి డిపో మేనేజరుతో సహా అందరూ ఆడారు. కాయిలమ్మ భర్త ఆడలేదు గానీ, బస్సు మెట్టు మీద కూర్చుని పాదం ఆడించారు. ఆ పాదం చప్పుడు కూడా తనకి వినపడిందని ఆవిడ ఆ తర్వాత చాలామందికి చెప్పుకుంది.

ఆ మైనం ఉండని మరిది చిన్న గాజు సీసాలో వేసి, మూత బిగించి, పికప్‌లకి అంటించినట్టే చీటీ అంటించాడు. చెక్క: వదిన. అయస్కాంతం: అన్నయ్య. చుట్లు: లేవు. ఆవిడ దాన్ని పారెయ్యనివ్వలేదు. నోట్‌బుక్కులో డ్రైవరమ్మ గిటారు వరసలో, పైన్, ఎనిమిదివేల వంద అని రాసి, చివరి గడిలో "అనుమానం తీరింది" అని పెట్టింది. ఆ కింద ఇంకో పన్నెండేళ్ళ వరసలున్నాయి. చెవి చివరిదాకా బాగానే పనిచేసింది.

ఇప్పుడు ఈ చివర బల్ల దగ్గర కూర్చునేది మరిదే. కాయిల్ చుట్టడం నేర్చుకున్నాడు, మొదటిది పూర్తికావడానికి పదమూడు రోజులు పట్టింది. గిటారు తెచ్చినవాళ్ళెవరైనా ఈ చెక్కకి ఏ పికప్ బాగుంటుందండీ అని అడిగితే, చెక్కది ఏముందండీ అంటాడు ముందు. తర్వాత తీగలు వదులు చేసి, కిటికీ వైపు తిరిగి, ఆ కొమ్ముకి గడ్డం ఆనించి మూడుసార్లు కొడతాడు. తనకేమీ తెలీటం లేదని నిజాయితీగానే చెబుతాడు. రెండు రోజులాగి రమ్మని వాళ్ళని పంపేసి, సీసా పక్కనున్న పొడుగాటి నోట్‌బుక్ తీసి, ఆ చెక్క ఉన్న పేజీ దొరికేదాకా తిప్పుతాడు.